పాప ఏడిస్తే ఎటు లేచి వెళ్ళాలి?

(ఒహాయోలోని మేసన్‌లో తెలుగు కుటుంబాల భోజనాల తర్వాత ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమంటే ఎవరికైనా భయమే. సగం మందికి కునుకు పడుతుంది, మిగతా సగం మంది పిల్లల వెనకాల పరిగెడుతుంటారు. పరవాలేదు, ఇవాళ్టి విషయానికి అది సరిగ్గా సరిపోతుంది. ఎవరి పాపైనా ఏడిస్తే ఏడవనివ్వండి, నా దగ్గర మైకు ఉంది. (నవ్వులు)

విషయం మీకు తెలిసిందే, ఎందుకంటే జరిగింది మన ఊళ్ళోనే. 2025 ఆగస్టు 11. కింగ్స్ ఐలాండ్‌కి పక్కనే ఉన్న మన టెన్నిస్ స్టేడియంలో సిన్సినాటి ఓపెన్ మ్యాచ్. ఒక పక్క అప్పటికి ప్రపంచ నంబర్ వన్, అంతకుముందు ఏడాది ఇక్కడే గెలిచిన అరీనా సబలెంక. ఇంకో పక్క బ్రిటన్ అమ్మాయి ఎమ్మా రాడుకాను. మూడు గంటలు దాటిన మ్యాచ్, చివరికి సబలెంక 7-6, 4-6, 7-6తో గెలిచింది. మూడో సెట్ (కొన్ని పాయింట్లు కలిస్తే గేము, కొన్ని గేములు కలిస్తే సెట్) నడుస్తుండగా స్టాండ్స్‌లో ఎవరో పసిపాప ఏడుపు మొదలెట్టింది. ఆపలేదు. రాడుకాను సర్వ్ (పాయింటు మొదలెట్టే దెబ్బ) చేయబోయి ఆగి, చైర్ అంపైర్ వైపు తిరిగి, పది నిమిషాల నుంచి ఇదే వరస అని చెప్పింది. అంపైర్ ఏమందంటే, అది పసిపిల్ల కదా, ఏం చేయమంటావు, స్టేడియం బయటికి పంపమంటావా అని. అడిగింది రాడుకానుని, జవాబు చెప్పింది జనం. పంపండి అని అరిచారు!

ఇక ఆ రాత్రి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో చూడాలి. ఒక వర్గం, "పాలు తాగే పిల్లని టెన్నిస్‌కి తీసుకొచ్చేవాళ్ళని ఏమనాలి?" అని. ఇంకో వర్గం, "ఏడుపు వినపడితే సర్వ్ చేయలేని దానికి ప్రొఫెషనల్ అని పేరెందుకు?" అని. రెండు రోజులు కొట్టుకున్నారు. నేను రెండు వర్గాల్లోనూ లేను. ఎందుకంటే ఆ గొడవంతా ఆ పాప అక్కడ ఉండాలా వద్దా అన్న దాని మీదే నడిచింది. నన్నడిగితే అసలు చూడాల్సింది ఆ పది నిమిషాలని. పాప ఏడవడం వింత కాదు. ఏడుస్తున్న పాప పది నిమిషాలు అదే సీట్లో ఉండిపోవడం వింత. ఎందుకు ఉండిపోతారు? దానికి కారణం ఉంది, అది చెప్దామనే వచ్చాను.

ముందు ఒక మాట. నేను కొన్నేళ్ళుగా ఇక్కడా అక్కడా టెన్నిస్ మ్యాచ్‌లకి అషర్‌గా వాలంటీరు పని చేస్తున్నాను. పెద్ద హోదా అనుకోకండి. మెట్ల దగ్గర గొలుసు పట్టుకుని నిలబడి, ఆట నడుస్తుంటే మిమ్మల్ని ఆపే పని. చేతిలో పాప్‌కార్న్ పట్టుకుని మీరు నన్ను కోపంగా చూస్తారు కదా, ఆ మనిషిని నేనే. (నవ్వులు) అంటే ఆటగాళ్ళ ముఖాల కంటే ప్రేక్షకుల ముఖాలే ఎక్కువ చూశాను. ఏడ్చే పాపని ఎత్తుకున్న తల్లి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

సరే, అసలు టెన్నిస్‌లో ఎందుకీ నిశ్శబ్దం? క్రికెట్‌లో ఉప్పల్ స్టేడియం నిండా జనం గొంతులు చించుకుంటుంటే బ్యాట్స్‌మన్ సిక్స్ కొడతాడు. బాడ్మింటన్‌లో సింధు ఆడుతుంటే గచ్చిబౌలిలో డప్పు కొట్టినా ఎవరూ ఏమనరు. మరి వీళ్ళకేంటి ఇంత నాజూకు అని మనవాళ్ళు అడుగుతారు. నాజూకుతనం కొంత ఉంది, కాదనను. ఇది దొరల ఇళ్ళ పచ్చిక మీద పుట్టిన ఆట, ఆ మర్యాదల వాసన ఇంకా పోలేదు. కానీ అది ఒక్కటే కాదు. వాళ్ళు చెవితో కూడా ఆడతారు. అవతలివాడి రాకెట్‌కి బంతి తగిలిన చప్పుడు వింటే అది బలంగా కొట్టిందా, కోసి కొట్టిందా, అంచుకి తగిలిందా అన్నది కొంత తెలిసిపోతుంది. 2016లో యూఎస్ ఓపెన్‌లో ఆర్థర్ యాష్ స్టేడియానికి మూసే పైకప్పు పెట్టారు. వాన వచ్చి అది మూస్తే వాన చప్పుడూ, జనం మాటలూ అన్నీ లోపలే తిరుగుతున్నాయి. అప్పుడు బ్రిటన్ ఆటగాడు ఆండీ ముర్రే ఇదే చెప్పాడు, బంతి వేగం, తిరుగుడు పసిగట్టడానికి చెవులు కూడా వాడతాం, అవి పనిచేయకపోతే కష్టం అని. అదే టోర్నమెంటులో క్వార్టర్ ఫైనల్లో నిషికోరితో ఆడుతుంటే, నాలుగో సెట్లో, పాయింటు మధ్యలో స్పీకర్లోంచి గంట కొట్టినట్టు పెద్ద చప్పుడొచ్చింది. పాయింటు ఆపి మళ్ళీ ఆడించారు. ముర్రే బుర్ర అక్కడే ఉండిపోయింది, ఆ మ్యాచ్ ఐదు సెట్లలో ఓడిపోయాడు.

లెక్క కూడా చూడండి. గంటకి 200 కిలోమీటర్ల సర్వ్ ఇటువైపు చేరడానికి అర సెకను. మగవాళ్ళ ఆటలో అది మామూలు సర్వ్. ఆ అర సెకనులోనే చూడాలి, అనుకోవాలి, కదలాలి, కొట్టాలి.

అయితే చప్పుడంతా ఒకటి కాదు. ఇది ముఖ్యం. ఒకే తీరుగా సాగే చప్పుడుకి మనిషి అలవాటు పడిపోతాడు. న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ జరిగే చోటు మీదుగా పక్కనున్న లాగార్డియా విమానాశ్రయం విమానాలు పోయేవి, ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి తిట్టుకుంటూనే ఆడారు. చివరికి డేవిడ్ డింకిన్స్ మేయర్‌గా ఉన్నప్పుడు టోర్నమెంటు రోజుల్లో విమానాల దారి మళ్ళించారు. ఆలోచించండి, ఆట కోసం విమానాన్ని పక్కకి పంపారు, పాప సంగతి మాత్రం మేం ఆలోచించలేదంటే ఎలా? గోల్ఫ్‌లో చూడండి, మామూలుగా పుట్ (బంతిని గుంతలోకి మెల్లగా తోసే దెబ్బ) వేసేటప్పుడు దగ్గినా కళ్ళెర్ర చేస్తారు. అదే ఫీనిక్స్ ఓపెన్‌లో 16వ హోల్ (గుంత) దగ్గర చుట్టూ వేల మంది బీరు పట్టుకుని కేకలు వేస్తుంటే అదే ఆటగాళ్ళు అదే పుట్ వేస్తారు. అక్కడ చప్పుడు ఆగదు, కాబట్టి అది నేపథ్యం అయిపోతుంది.

పాప ఏడుపు నేపథ్యం అవ్వదు. అవ్వకూడదనే ప్రకృతి దాన్ని అలా చేసింది. మన మామూలు మాట కంటే చాలా పై స్థాయిలో ఉంటుంది, గరగరలాడుతుంది, ఆగి ఆగి వస్తుంది. గుక్క పెట్టిందా, ఆ రెండు క్షణాల నిశ్శబ్దం ఉంటుంది చూడండి, ఇప్పుడు వస్తుందా ఇప్పుడు వస్తుందా అని, అది ఏడుపు కంటే ఘోరం. పెద్దవాళ్ళు పట్టించుకోకుండా ఉండలేని చప్పుడు ఏదైనా ఉందంటే అదే. పక్కింటి పాప ఏడిస్తే కూడా పాలు చేపుకు వచ్చే తల్లులుంటారు. కాబట్టి రాడుకానుది నఖరా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆమె ఏమీ తిట్టలేదు కూడా. పది నిమిషాలు ఓర్చుకుని అప్పుడు చెప్పింది.

ఇప్పుడు ఆ పది నిమిషాల దగ్గరికి వద్దాం.

టెన్నిస్‌లో ప్రేక్షకుడు ఎప్పుడు లేవాలి? మామూలుగా ఛేంజ్‌ఓవర్ అప్పుడు. అంటే ఆటగాళ్ళు వైపులు మారి కూర్చునే 90 సెకన్లు. అది రెండు గేములకి ఒకసారి వస్తుంది. రెండు గేములంటే ఎంతసేపు? తొందరగా అయితే ఐదారు నిమిషాలు, కాస్త సాగితే పది, పన్నెండు. ఆ రోజు మ్యాచ్‌లో మూడో సెట్లో ఒక్క గేమే 20 నిమిషాలు దాటింది. డ్యూస్ మీద డ్యూస్, అంటే మళ్ళీ మళ్ళీ ఇద్దరూ సమానం. ఆ గేమ్ మొదట్లో పాపకి ఆకలేసిందనుకోండి, ఏం చేస్తారు? లేస్తే వెనకవాళ్ళు "సిట్ డౌన్" అంటారు, ఆటగాడి కంటికి మీరు కదలడం కనపడుతుంది, మెట్ల దగ్గర నాలాంటివాడు గొలుసు పట్టుకుని చెయ్యి అడ్డం పెడతాడు. కూర్చుంటే పాప ఏడుస్తుంది. అంటే నిశ్శబ్దం కోసం పెట్టిన కట్టుబాటే ఆ ఏడుపుని అక్కడ కట్టి పడేస్తోంది! పాప సీట్లోంచి లేచి వెళ్ళలేదు, అమ్మని వెళ్ళనివ్వరు.

ఇది తెలియక జనం అనుకుంటారు, ఆ తల్లికి సిగ్గు లేదు, అలాగే కూర్చుంది చూడు అని. నేను చూసినంతలో సిగ్గు లేక కూర్చున్నవాళ్ళు తక్కువ. సిగ్గేసి కూర్చున్నవాళ్ళే ఎక్కువ. వరస మధ్యలో సీటు, అటు పది మంది కాళ్ళు, ఇటు పది మంది కాళ్ళు, చంకలో పాప, భుజాన డైపర్ సంచీ. లేస్తే అందరూ తననే చూస్తారని, ఇంకో నిమిషం జోకొడితే ఊరుకుంటుందేమో అని, సీసా పెట్టి చూసి, పాలపీక పెట్టి చూసి, తాళాలు ఆడించి చూసి, ఆ తాళాల చప్పుడు ఇంకోటి.

గొలుసు పట్టుకునేవాడిగా నాకు తెలిసిన చిన్న సంగతి ఒకటి చెప్తాను. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ ఒకే పట్టింపు అక్కర్లేదు. లోపలికి వచ్చేవాడు సీటు వెతుక్కుంటాడు, వరసలో అందర్నీ లేపుతాడు, ఆలస్యం చేస్తాడు. బయటికి పోయేది అలా కాదు, రెండు పాయింట్ల మధ్య ఇరవై ఐదు సెకన్ల దాకా ఉంటుంది, అందులో నాలుగు మెట్లు ఎక్కి మాయమైపోవచ్చు. కాబట్టి చంటిపిల్లతో బయటికి పోయేవాళ్ళని నేనెప్పుడూ ఆపను. పాయింటు అయిన మరుక్షణం చెయ్యి ఊపి రమ్మంటాను. నాకు అలా చేయమని ఎవరూ చెప్పలేదు, చేయొద్దనీ అనలేదు. టోర్నమెంట్లు పెట్టేవాళ్ళు ఇది రాసి పెట్టాలి, టికెట్ మీద కూడా అచ్చు వేయాలి. "పాప ఏడిస్తే పాయింటు అవ్వగానే లేవండి, ఎవరూ ఏమీ అనరు." ఈ ఒక్క వాక్యం ఉంటే చాలా ఏడుపులు నిమిషంలో బయటికి పోతాయి.

వింబుల్డన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఐదేళ్ళ లోపు పిల్లలకి అక్కడ షో కోర్టుల్లోకి, అంటే ముఖ్యమైన పెద్ద కోర్టుల్లోకి, ప్రవేశం లేదు. సెంటర్ కోర్ట్ దగ్గర ఎంత బతిమాలినా కుదరదు. మైదానంలోకి రావచ్చు, బయటి కోర్టుల దగ్గర తిరగొచ్చు, గుట్ట మీద గడ్డిలో కూర్చుని పెద్ద తెర మీద చూడొచ్చు. మనవాళ్ళు కొందరు దీన్ని దొరతనం అంటారు. నాకు నచ్చిందండీ. ఎందుకంటే వాళ్ళు ముందే చెప్తున్నారు. అన్ని వేలు పోసి టికెట్ కొని, పాపని ఎత్తుకుని వచ్చి కూర్చున్నాక వేలమంది మధ్యలో "పంపండి" అని అరిపించుకోవడం కంటే, ఇంటి దగ్గరే తెలిసిపోవడం ఎంత మర్యాద.

అలాగని అన్నిచోట్లా అదే పెట్టమంటే ఒప్పుకోను. ఇక్కడ ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి సూటిగా అంటాను. పాపని రావద్దంటే ఎవరిని రావద్దన్నట్టు? కాగితం మీద పాపని. ఇంట్లో జరిగేది మనకి తెలుసు కదా. టెన్నిస్ చిన్నప్పటి నుంచి ఆడింది ఆవిడ, రాకెట్ పట్టుకోవడం కూడా రానిది ఈయన, పాపకి ఎనిమిది నెలలు, అమ్మమ్మ వీసా గడువు అయిపోయి వెళ్ళిపోయింది, నాయనమ్మ ఇంకా రాలేదు. టికెట్లు రెండు. ఈయన ఫ్రెండుని తీసుకుని పోతాడు! (నవ్వులు, చప్పట్లు) నవ్వుతున్నారు కానీ అటు కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు నవ్వట్లేదు, చూశాను. (నవ్వులు)

ఈ ఆటలోనే ఆ తల్లులున్నారు, అది మరిచిపోకూడదు. బెల్జియం ఆటగత్తె కిమ్ క్లైస్టర్స్ 2009లో యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు ఏడాదిన్నర కూతురు కోర్టులోకి వచ్చి కప్పు చుట్టూ తిరిగింది. పాపని ఆ టైముకి అక్కడ ఉంచడానికి ఆ రోజు నిద్ర వేళ కాస్త వెనక్కి జరిపామని కూడా ఆమే చెప్పింది. మన సానియా మీర్జా సంగతి. 2018 అక్టోబరులో బాబు పుట్టాడు, 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ కొట్టింది. 2021లో ఇంగ్లండ్‌లో ఆడటానికి వెళ్ళాల్సి వస్తే రెండేళ్ళ బాబుకి వీసా రాక, వాణ్ణి వదిలి వెళ్ళలేక, క్రీడల శాఖ కల్పించుకోవాల్సి వచ్చింది. 2023లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ బోపన్నతో ఆడి ఓడిపోయి, కొడుకు ముందు గ్రాండ్ స్లామ్ ఫైనల్ ఆడతానని అనుకోలేదు అని ఏడ్చేసింది. ఆ పిల్లాడు స్టాండ్స్‌లో ఉన్నాడు. అంత ఖరీదైన సీట్లో ఆటగత్తె కొడుకు కూర్చోవచ్చు, టికెట్ కొనుక్కున్న తల్లి కొడుకు రాకూడదా అంటే నా దగ్గర మంచి జవాబు లేదు. తేడా ఏమిటంటే వాళ్ళ పిల్లలతో చూసుకునే మనుషులుంటారు, ఏడవగానే ఎత్తుకుని లోపలికి పోతారు. మళ్ళీ అదే, బయటికి పోయే దారి.

పాప వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి, ఎవరూ చూడట్లేదు. ఇక్కడ ఆగస్టు మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ నీలం కోర్టు వేడి కక్కుతుంది, ఎదురుగా ఉన్న స్టాండ్‌లో నీడ ఉండదు. ఆరు నెలల లోపు పిల్లల్ని నేరుగా ఎండలో ఉంచొద్దని పిల్లల డాక్టర్లు అందరూ చెప్తారు. పెద్దవాళ్ళకి రాసినట్టు సన్‌స్క్రీన్ పూసేస్తే సరిపోదు, నీడా టోపీ కావాలి. ఇంకోటి, ప్రశాంతమైన ఆట అంటాం కానీ పాపకి అది ప్రశాంతం కాదు. మూడు నిమిషాలు నిశ్శబ్దం, కళ్ళు మూతలు పడతాయి, అంతలో ఒక్కసారి పదివేల మంది చప్పట్లు! ఉలిక్కిపడదా మరి? ఫుట్‌బాల్ గోలలో కూడా నిద్రపోయే పిల్లలున్నారు, ఎందుకంటే ఆ గోల ఒకే తీరుగా సాగుతుంది. గోలలో చెవులకి జాగ్రత్త కావాలి, అది వేరే. 2010లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) గెలిచాక ఆటగాడు డ్రూ బ్రీస్ ఏడాది కొడుకుని ఎత్తుకుంటే వాడి చెవులకి చప్పుడు ఆపే పెద్ద మఫ్‌లు ఉన్నాయి, ఆ ఫోటో చూసి చాలామంది తల్లిదండ్రులు అవి కొన్నారు.

గోల్ఫ్ గురించి ఎక్కువ చెప్పను, అక్కడ మీరు నడుస్తూనే ఉంటారు, పాప రాగం తీస్తే చెట్టు చాటుకి పోతే సరి. కానీ ఒకటి బాగుంటుంది. అగస్టాలో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ టోర్నమెంటు మొదలయ్యే ముందు బుధవారం పార్-3 అని సరదా పోటీ పెడతారు, ఆటగాళ్ళ చిన్న చిన్న పిల్లలు తెల్ల క్యాడీ (గోల్ఫ్ సంచీ మోసేవాళ్ళ) బట్టలు వేసుకుని గ్రీన్ మీద దొర్లుతారు, బంతి పట్టుకుని పారిపోతారు, అందరూ మురిసిపోతారు. మర్నాటి నుంచి ఆకు కదలకూడదు. ఒకే మైదానం, రెండు రోజులు. అలా ఒక రోజు పిల్లలకి ఇచ్చేస్తే మిగతా రోజులు అడగడానికి నోరుంటుంది. మన టోర్నమెంట్లలో క్వాలిఫయింగ్ రోజులు, అంటే అసలు పోటీలో చోటు కోసం ముందు ఆడే రోజులు, అలాంటివే అనుకోండి, జనం తక్కువ, బయటి కోర్టులు, లేచి తిరగడానికి వీలు.

స్నూకర్ (బిలియర్డ్స్ లాంటి టేబుల్ ఆట) అంటే మాత్రం తీసుకెళ్ళొద్దనే చెప్తాను. హైదరాబాద్‌లో 2016లో ఇండియన్ ఓపెన్ జరిగింది, 2017లో విశాఖలో, జాన్ హిగ్గిన్స్ అక్కడ గెలిచాడు. స్నూకర్ అంటే మూసిన హాలు, ఏసీ, టేబుల్ మీద ఒక్క దీపాల వరస, వంద అడుగుల్లో ఎవరు కుర్చీ జరిపినా వినపడుతుంది. ఇక చదరంగం. చదరంగం వాళ్ళు తెలివైనవాళ్ళు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లకి ఆటగాళ్ళనే గాజు గదిలో పెట్టి ప్రేక్షకుల్ని బయట ఉంచుతున్నారు. అయితే చదరంగం హాల్లో పాపాయి ఉంటే ఎలా అనేవాళ్ళకి మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక జవాబు చెప్పేసింది. 2022లో మామల్లపురం ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల కడుపుతో కూర్చుని ఆడింది, జట్టుకి కాంస్యం వచ్చింది, అదే ఆగస్టులో కూతురు పుట్టింది. టోర్నమెంటు హాల్లో అంత బుద్ధిగా కూర్చున్న పాప ఇంకోటి ఉండదు. (నవ్వులు)

మరి మీరు వెళ్ళాలంటే? వెళ్ళండి. పెద్ద స్టేడియంలో మంచి సీటు అంటే కోర్టుకి దగ్గరిది అనుకుంటాం, చంటిపిల్ల ఉన్నప్పుడు మంచి సీటు అంటే వరస చివరిది, మెట్ల పక్కది, వీలైనంత పైన. పై అంచుల్లో రాకపోకల మీద పట్టింపు తక్కువ, ఆటగాడి కంటికి మీరు ఆనరు. పాప రోజూ నిద్రపోయే టైముకి మ్యాచ్ పెట్టుకోకండి. నిద్రపోతుంది కదా అనుకుంటారు, చప్పట్లకి లేచి కూర్చుంటుంది, అరకొర నిద్రలో లేచిన పిల్ల ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్ట్రోలర్ చాలాచోట్ల సీట్ల దాకా రానివ్వరు, కాబట్టి పాపని కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మొదటి మూలుగుకే లేవండి. ఏడుపు అందుకున్నాక కాదు, ముఖం ముడుచుకున్నప్పుడే. వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు అషర్ ఆపితే విసుక్కోకండి, రెండు గేములు గోడ అవతల నిలబడి తెర మీద చూడండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ: "బాబూ, మా రోజుల్లో హరికథలకీ నాటకాలకీ పిల్లల్ని చంకనేసుకునే వెళ్ళాం. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఇన్ని రూల్సా?")

నిజమేనండీ పెద్దమ్మగారూ, మా అమ్మ నన్ను అలాగే తీసుకెళ్ళేది. కానీ రెండు తేడాలున్నాయి. హరిదాసు గారికి హార్మోనియం, మృదంగం, మైకు ఉన్నాయి, ఏడుపు ఎక్కువైతే గొంతు పెంచేస్తారు, ఇంకా సరదా పుడితే ఆ పిల్లాడి మీదే ఒక పిట్టకథ చెప్తారు. రెండోది, అక్కడ పాప ఏడిస్తే మీ చేతుల్లో ఎంతసేపుండేది? పక్కావిడ తీసుకునేది, ఆవిడ నుంచి వెనకావిడ, అలా పందిరి చివరి దాకా వెళ్ళిపోయి ఎవరో తాతగారు వీధిలో తిప్పుకొచ్చేవారు. మీరు కథ వినేవారు. ఇక్కడ పక్క సీటువాడు పాపని తీసుకోడు, తీసుకుంటానన్నా మనం ఇవ్వం. ఆ బాధ్యత అంతా ఇద్దరి మీద పడింది, ఒక్కోసారి ఒక్కరి మీద. కాబట్టి టోర్నమెంటు వాళ్ళు ఒక గది పెట్టాలంటాను, నీడ, ఫ్యాను, పాలిచ్చుకోవడానికి చాటు, గోడకి ఒక టీవీ, అందులో అదే మ్యాచ్. ఇంత పెద్ద టోర్నమెంటుకి ఒక గది ఎక్కువేం కాదు. గది ఉన్నచోట అది ఎక్కడుందో లోపలికి వచ్చేటప్పుడే చెప్పాలి. చాలామంది మూడో రోజు కనుక్కుంటారు.

(ఒక యువకుడు: "అన్నా, జనం 'పంపండి' అని అరవడం కరెక్టేనా?")

కాదు. వాళ్ళు అరిచిన ఆ రెండు సెకన్ల చప్పుడు పాప ఏడుపు కంటే ఎక్కువ, అది ముందు లెక్క. రెండోది, అక్కడ ఎవరో ఒక అషర్‌ని చూసి చెయ్యెత్తి సైగ చేసి ఉంటే సరిపోయేది. పక్కనున్నవాళ్ళు చేయాల్సింది అది. లేదా కాళ్ళు ముడుచుకుని ఆ తల్లికి దారి ఇవ్వడం. అంపైర్‌ని కూడా నేను తప్పు పట్టను, ఆ కుర్చీలోంచి చేయగలిగింది తక్కువ, కాకపోతే పంపమంటావా అని ఆటగత్తెని అడిగి ఆ భారం ఆ అమ్మాయి మీద పెట్టకుండా, మైకులో మర్యాదగా "పాపతో ఉన్నవారు ఇప్పుడు బయటికి వెళ్ళొచ్చు, మేం ఆగుతాం" అని ఉంటే బాగుండేది. ముప్పై సెకన్లు పోయేవి. 20 నిమిషాల గేము ఆడినవాళ్ళకి ముప్పై సెకన్లు ఎంత?

(ఒకావిడ: "మరి ఏడిస్తే ఎవరు లేవాలి? మా ఇంట్లో ఎప్పుడూ నేనే.")

ఇది నన్ను కాదండీ అడగాల్సింది, మీ పక్కనున్న ఆయన్ని. (నవ్వులు) సరే, నేనొక పద్ధతి చెప్తాను, మా ఇంట్లో చెల్లింది. సెట్ల వారీగా వంతు. మొదటి సెట్ ఒకరు, రెండో సెట్ ఒకరు, ఎవరి సెట్లో ఏడిస్తే వాళ్ళు లేవాలి, గొడవ లేదు. మూడో సెట్ వస్తే టాస్. టైబ్రేక్ (సెట్ 6-6 అయితే తేల్చడానికి ఆడే చివరి గేము) వచ్చిందంటే మాత్రం అప్పటికి బయట ఉన్నవాళ్ళు బయటే ఉండిపోవాలి, ఎందుకంటే అందులో ఆరు పాయింట్లకోసారి ఆటగాళ్ళు వైపులు మారతారు గానీ మేం గొలుసు తీయం. టీవీ ఉన్న చోటు ముందే చూసి పెట్టుకోండి.